పైరుతో సహా అమ్మిన పొలం: హోండా నిష్క్రమణ, బ్రాన్ విజయం

ఫార్ములా వన్ పందేల చరిత్రలో అందరూ ముచ్చటపడి చెప్పుకొనే కథ ఒకటున్నది. 2008 చివర హోండా కంపెనీ తన జట్టును వదిలించుకొని వెళ్ళిపోయింది. దిక్కులేకుండా మిగిలిన ఆ జట్టును దాని నాయకుడు రాస్ బ్రాన్ నామమాత్రంగా ఒక్క పౌండు ఇచ్చి తీసుకొన్నాడు. చెప్పుకోదగ్గ ప్రాయోజకులు లేరు, చేతిలో ఇంజను లేదు, సగం మంది పనివాళ్ళు ఉంటారో లేదో తెలియదు. అయినా మూడు నెలల్లో కారును సిద్ధం చేసి, దిగిన మొదటి పందెంలోనే మొదటి రెండు స్థానాలూ గెలుచుకొని, ఆ యేటి చోదకుల ఛాంపియన్‌షిప్పునూ, జట్ల ఛాంపియన్‌షిప్పునూ కూడా తీసుకుపోయారు. పేదరాశి పెద్దమ్మ చెప్పినా ఇంతకంటె బాగా చెప్పలేదు.

ఇందులో చెప్పిన ప్రతి సంగతీ జరిగినదే. నా పేచీ అంతా ఈ కథ ఎక్కడ మొదలుపెడుతున్నారన్న దానితోనే. 2008 డిసెంబరులో మొదలుపెడితే ఇది అద్భుతం. అదే సంవత్సరం ఆరంభం నుండి మొదలుపెడితే, ఒక పెద్ద కంపెనీ తన డబ్బుతో, తన ఇంజనీర్లతో, తన విండ్ టన్నెళ్ళలో ఏడాదిపాటు పెంచిన పైరును, సరిగ్గా కోతకు వచ్చే వేళకు పొలంతో సహా అమ్ముకొన్న కథ అవుతుంది. కొన్నవాడి తెలివిని నేను తక్కువ చేయడం లేదు. కాని విత్తిన చేతుల మాట ఎవరూ ఎత్తకపోవడం న్యాయం కాదు.

ఈ ఆటతో పరిచయం లేని చదువరుల కోసం ఒక్క మాట. ఫార్ములా వన్‌లో జట్టు అంటే కారు శరీరాన్ని, అంటే ఛాసిస్‌ను, తానే తయారుచేసుకొని పందెంలో దించే సంస్థ. ఇంజను మాత్రం సొంతదే కానక్కరలేదు. హోండా, రెనో, మెర్సిడెస్ వంటి మోటారు కంపెనీలు ఒకప్పుడు ఇంజను మాత్రమే ఇస్తాయి, ఒకప్పుడు జట్టునంతా కొనేసి తామే నడుపుతాయి. కనుక "కంపెనీ వెళ్ళిపోయింది" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఇంజను ఇచ్చేవాడు వెళ్ళిపోవడం ఒక ఎత్తు. ఇంటి యజమానే వెళ్ళిపోవడం ఇంకొక ఎత్తు. 2008లో హోండా ఒకే రోజున రెండు విధాలుగానూ వెళ్ళిపోయింది.

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో బ్రాక్లీ అనే చిన్న ఊరున్నది. ఈ జట్టు కర్మాగారం అక్కడిది. జట్టు వంశవృక్షం మాత్రం ఇంకా పాతది. కెన్ టిరెల్ స్థాపించిన పాత జట్టును 1990ల చివర బ్రిటిష్ అమెరికన్ టొబాకో డబ్బుతో కొని, 'బార్' అని పేరు మార్చి, 1999లో బరిలోకి దింపారు. ఆ మొదటి యేడు ఒక్క పాయింటు కూడా రాలేదు. 2000 నుండి హోండా ఇంజన్లు వచ్చాయి. 2004లో జట్ల పట్టికలో రెండవ స్థానం దాకా ఎదిగారు. ఆ తరువాత హోండా మెల్లమెల్లగా జట్టునంతా కొనివేసి 2006 నుండి తన పేరుతోనే నడిపింది. ఆ యేడు ఆగస్టులో, తడిసిన హంగేరీ బాటమీద, పద్నాలుగవ స్థానం నుండి బయలుదేరిన జెన్సన్ బటన్ గెలిచాడు. అతడికది మొదటి విజయం. సొంత జట్టుగా తిరిగి వచ్చిన హోండాకు అదే మొదటిది, అదే చివరిది కూడా.

తరువాతి రెండేళ్ళు చెప్పుకోకపోవడమే మేలు. 2007లో కారు మీద ప్రకటనలన్నీ తీసివేసి భూగోళం బొమ్మ వేశారు. పర్యావరణ సందేశమట. ఆ సందేశాన్ని మోసుకొని తిరిగిన కారుకు సంవత్సరం మొత్తంలో వచ్చినవి 6 పాయింట్లు. 2008లో 14 పాయింట్లు, తొమ్మిదవ స్థానం. దానికి క్రింద మిగిలినవి రెండే జట్లు: విజయ్ మాల్యా గారి ఫోర్స్ ఇండియా, నడుమనే మూతబడిన సూపర్ అగురి. ఆ సూపర్ అగురి కూడా హోండా అండతో బ్రతికిన జట్టే. 2008 మే నెలలో అది మూతబడినప్పుడే హోండా ఇంట్లో గాలి ఎటు వీస్తున్నదో తెలిసి ఉండవలసింది.

ఈ చీకటిలోకి వచ్చినవాడు రాస్ బ్రాన్. షూమాకర్ గెలిచిన ఏడు ఛాంపియన్‌షిప్పుల వెనుకా ఉన్న సాంకేతిక నాయకుడు. ఫెరారీలో అంతటి వైభవం చూసి, ఒక ఏడాది విశ్రాంతి తీసుకొని, 2007 చివర హోండా జట్టు బాధ్యత చేపట్టాడు. వచ్చాక అతడు తీసుకొన్న ముఖ్యమైన నిర్ణయం, పైకి చూస్తే చేతులెత్తేయడం లాంటిది: 2008 కారును బాగుచేసే ప్రయత్నం దాదాపు మానివేయడం. ఎందుకంటే 2009లో నిబంధనలు సమూలంగా మారబోతున్నాయి. ముందు రెక్క వెడల్పు కావాలి, వెనుక రెక్క ఇరుకు కావాలి, గాడులు లేని నున్నటి టైర్లు తిరిగి రావాలి. పందేల నడుమ పరీక్షా పరుగులు నిషేధం. అంటే పాత కారు మీద నేర్చుకొన్న విద్య చాలావరకు పనికిరాదు. అందరూ మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడాలి.

ఫెరారీ, మెక్‌లారెన్ 2008 ఛాంపియన్‌షిప్పు కోసం చివరి పందెం చివరి మలుపు దాకా కొట్టుకొన్నాయి. కాబట్టి వాటి మేధంతా ఆ యేటి కారు మీదనే ఖర్చయింది. హోండా జట్టుకు పోరాడడానికి ఏమీ లేదు. తొమ్మిదవ స్థానం పదవ స్థానమైతే మాత్రం పోయేదేమున్నది? బ్రాక్లీలోనూ జపానులోనూ ఇంజనీర్లు వేరువేరు జట్లుగా విడిపోయి, ఒకేసారి పలు విండ్ టన్నెళ్ళలో, రాబోయే కారు మీద పనిచేశారు. మోటారు పందేలలో ఇంత తీరికా ఇంత ధనమూ ఒకే చోట కలిసిరావడం అరుదు. ఓడిపోతున్నవారికి తీరిక ఉంటుంది, ధనం ఉండదు. గెలుస్తున్నవారికి ధనం ఉంటుంది, తీరిక ఉండదు. హోండాకు ఆ యేడు రెండూ ఉన్నాయి.

ఆ పనిలో పుట్టినదే 'డబుల్ డిఫ్యూజర్'. కారు అడుగున వెనుక భాగంలో పైకి వాలుగా లేచే భాగాన్ని డిఫ్యూజర్ అంటారు. కారు క్రిందుగా దూసుకుపోయే గాలి అక్కడ విశాలమైన చోటులోకి విచ్చుకుంటుంది. దానివలన కారు అడుగున పీడనం తగ్గి, పైనున్న గాలి కారును నేలకు అదుముతుంది. మలుపులలో వేగం ఈ అదుము మీదనే ఆధారపడుతుంది. కొత్త నిబంధనలు డిఫ్యూజర్ ఎత్తును కుదించి ఈ బలాన్ని తగ్గించదలిచాయి. అయితే కారు అడుగు ఒకే తలంలో ఉండదు, రెండు మెట్లుగా ఉంటుంది. ఆ రెండు మెట్ల నడుమ నిలువుగా ఉన్న ఖాళీని నిబంధనల భాష 'రంధ్రం'గా లెక్కించదని కనిపెట్టారు. ఆ ఖాళీలోంచి గాలిని పైకి పంపి, ఉన్న డిఫ్యూజర్ పైన రెండవ అంతస్తు కట్టారు. శాసనకర్తలు ఎంత జాగ్రత్తగా రాసినా, రెండు వాక్యాల నడుమ సందు వెదికేవాడు ఎప్పుడూ ఉంటాడు. ఇదే సందును విలియమ్స్, టొయోటా జట్లు కూడా విడివిడిగా పట్టుకొన్నాయి. టొయోటా సంగతి తరువాత వస్తుంది.

ఇంతలో 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ కూలింది. కొద్ది వారాలలోనే అమెరికాలో కార్లు కొనేవాళ్ళు కరువయ్యారు. డిసెంబరు 5న టోక్యోలో హోండా అధ్యక్షుడు తకేయో ఫుకుయ్ పత్రికల వారిని పిలిచి, ఫార్ములా వన్ నుండి తప్పుకొంటున్నామని ప్రకటించాడు. జట్టును అమ్ముతారు, లేకపోతే మూసివేస్తారు. కొత్త యజమాని వచ్చినా ఇంజన్లు ఇవ్వరు. జట్టు పెద్దలకు ఈ సంగతి తెలిసి అప్పటికి కొద్ది రోజులే అయింది. బ్రాక్లీలో పనిచేసే ఏడువందల మందికి పైగా ఉద్యోగులు క్రిస్మసుకు మూడు వారాల ముందు ఈ కబురు విన్నారు.

ఆ చలికాలం మన తెలుగువారికీ గుర్తుండేదే. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కలు దొంగవని ఒప్పుకొంటూ లేఖ రాశాడు. ఆ రెంటికీ పోలిక లేదు. హోండా ఎవరినీ మోసగించలేదు. కాని రేపు ఆఫీసు తలుపు తెరుస్తారో లేదో తెలియక, అయినా వెళ్ళి తమ కుర్చీలో కూర్చొని పని చేసుకొన్న వేలమందిని మనం చూశాము కనుక, బ్రాక్లీలో ఆ మూడు నెలలు ఎలా గడిచాయో ఊహించడం మనకు కష్టం కాదు. అక్కడ వాళ్ళు ఏ పందెంలోనైనా దిగుతుందో లేదో తెలియని కారుకు బోల్టులు బిగిస్తూ కూర్చొన్నారు.

కొంటామని వచ్చినవారు కొందరు, వెళ్ళినవారు కొందరు. చివరకు బ్రాన్, నిక్ ఫ్రై, మరి కొందరు నిర్వాహకులు కలిసి తామే తీసుకొన్నారు. 2009 మార్చి 6న బ్రాన్ జీపీ పుట్టింది. ఆస్ట్రేలియా పందేనికి అప్పటికి మిగిలినవి మూడు వారాల పైచిలుకు. ఒక్క పౌండు ధర గురించి అందరూ చెబుతారు గాని, ఆ పౌండు వెనుకనున్న లెక్క కొంచెం చూడాలి. కర్మాగారం మూసివేస్తే ఏడువందల మందికి పరిహారాలు, ఒప్పందాల రద్దు, అన్నీ కలిపి హోండాకు పెద్ద ఖర్చే అయ్యేది. ఆ సొమ్మునే మొదటి యేడు గడవడానికి కొత్త జట్టుకు ఇచ్చి పంపింది. అంటే బ్రాన్ జీపీ చేతిలో డబ్బు లేదన్నది పూర్తి నిజం కాదు. ఒక యేటికి సరిపడా గింజలు గాదెలో పోసి, తాళం చెవి చేతికిచ్చి వెళ్ళింది హోండా. రెండవ యేటి మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక ఇంజను. ఫెరారీ, మెర్సిడెస్ ఇద్దరూ ఇవ్వడానికి సుముఖత చూపారు. కారు నిర్మాణానికి దగ్గరగా ఇమిడేది మెర్సిడెస్ ఇంజను. ఆ ఇంజన్లు తయారయ్యే బ్రిక్స్‌వర్త్ కూడా అదే నార్తాంప్టన్‌షైర్‌లో ఉన్నది. మెర్సిడెస్ అప్పట్లో మెక్‌లారెన్‌లో 40 శాతం వాటాదారు కనుక మెక్‌లారెన్ సమ్మతి కావాలి. మెక్‌లారెన్ అడ్డు చెప్పలేదు. ఈ ఔదార్యానికి వారు చెల్లించిన మూల్యం ఏమిటో ముందు ముందు చూద్దాం. హోండా ఇంజను కోసం గీసిన ఛాసిస్ వెనుక భాగాన్ని కోసి, వేరే ఇంజను అమర్చి, దానికి తగ్గట్టు గేర్ బాక్సును సర్దారు. ఇంజనీర్లకు ఇది గుండె కోత. నెలల తరబడి గ్రాముల లెక్కన బరువు తగ్గించుకొంటూ వచ్చిన కారును, చివరి వారాలలో రంపం పట్టుకొని కోయవలసి వచ్చింది. ఆ సంవత్సరమంతటికీ వారు తయారుచేసుకోగలిగిన ఛాసిస్‌లు మూడే.

మార్చి 9న బార్సిలోనాలో మిగిలిన జట్ల పక్కన ఈ తెల్లటి కారు పరీక్షకు దిగింది. దిగిన వెంటనే వేగం చూపింది. ప్రాయోజకులను ఆకట్టుకోవడానికి బరువు తగ్గించి నడుపుతున్నారని కొందరు అనుమానించారు. మార్చి 29న మెల్‌బోర్న్‌లో అనుమానం తీరింది. బటన్ మొదటివాడు, రూబెన్స్ బారికెల్లో రెండవవాడు. తొలి పందెంలోనే మొదటి రెండు స్థానాలూ ఒక జట్టుకు దక్కడం 1954లో మెర్సిడెస్ రాన్స్‌లో చేసిన తరువాత మళ్ళీ ఇదే. ఫెరారీ, రెనో, రెడ్ బుల్ జట్లు డిఫ్యూజర్ మీద ఫిర్యాదు చేశాయి. ఏప్రిల్ 15న పారిస్‌లోని అప్పీళ్ళ న్యాయస్థానం అది నిబంధనలకు లోబడినదేనని తీర్పు చెప్పింది. మొదటి ఏడు పందేలలో బటన్ ఆరు గెలిచాడు.

ఆ కథ ఇక్కడితో ఆగిపోతే అందరికీ సుఖంగా ఉండేది. కాని నా దృష్టిలో 2009కి అసలు సాక్ష్యం ఆ యేటి రెండవ సగంలో ఉన్నది. జూన్ 7న టర్కీలో గెలిచిన బటన్ ఆ తరువాత ఆ యేడు ఒక్క పందెం కూడా గెలవలేదు. సిల్వర్‌స్టోన్‌లో ఆరవవాడు, జర్మనీలో అయిదవవాడు, హంగేరీలో ఏడవవాడు, వాలెన్సియాలో మళ్ళీ ఏడవవాడు. కారు టైర్ల మీద మెత్తగా నడిచే కారు. వేడి దేశాలలో అది వరం, చల్లటి రోజుల్లో శాపం. టైర్లు వేడెక్కేవి కావు. ఇది ఒక కారణం. రెండవది, మిగిలిన జట్లన్నీ డబుల్ డిఫ్యూజర్‌ను అనుకరించాయి. రెడ్ బుల్ వారానికొక కొత్త భాగం తెచ్చి తగిలిస్తున్నది. బ్రాక్లీలో కొత్త భాగాలు తయారుచేసే చేతులు తగ్గిపోయాయి. మార్చి నెలలోనే సుమారు 270 మందిని తీసివేస్తున్నట్లు జట్టు ప్రకటించింది. మెల్‌బోర్న్ విజయపు ఛాయాచిత్రాలు పత్రికలలో వస్తున్న రోజుల్లోనే ఉద్యోగాల కోత పని నడుస్తున్నది. ఆ కారును తయారుచేసినవారిలో చాలామంది అది గెలుస్తుంటే ఇంట్లో కూర్చొని టీవీలో చూశారు.

వాలెన్సియాలో, మోంజాలో బారికెల్లో గెలిచి జట్టును నిలబెట్టాడు. అక్టోబరు 18న బ్రెజిల్‌లో బటన్ పద్నాలుగవ స్థానం నుండి బయలుదేరి, ఒక్కొక్కరినే దాటుకొంటూ అయిదవవాడుగా వచ్చి ఛాంపియన్ అయ్యాడు. జట్ల ఛాంపియన్‌షిప్పు కూడా ఆనాడే ఖాయమైంది. సంవత్సరాంతానికి బ్రాన్‌కు 172 పాయింట్లు, రెడ్ బుల్‌కు 153.5. వసంతంలో పోగేసుకొన్న ధాన్యాన్ని చలికాలం దాకా పొదుపుగా తిన్నారనుకోవాలి. ఇంకొక నాలుగు పందేలు ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము.

రెండవ యేటి గింజలు లేవన్నాను కదా. నవంబరు 16న మెర్సిడెస్ యజమాని డైమ్లర్, అబూదాబీకి చెందిన ఆబార్ సంస్థతో కలిసి బ్రాన్ జీపీలో 75.1 శాతం కొనివేసింది. 2010 నుండి జట్టు పేరు మెర్సిడెస్. బ్రాన్ జీపీ అనే పేరు పాల్గొన్నవి 17 పందేలు, గెలిచినవి ఎనిమిది, అంతే. బ్రాన్ 2013 చివరిలో వెళ్ళిపోయాడు. ఆ తరువాతి యేడు నుండి 2021 వరకు వరుసగా ఎనిమిది సార్లు జట్ల ఛాంపియన్‌షిప్పు బ్రాక్లీకే దక్కింది. దున్నినది హోండా, కోసినది బ్రాన్, గాదె కట్టుకొన్నది మెర్సిడెస్.

మరి ఇంజను ఇప్పించిన మెక్‌లారెన్? తన ఇంటి కంపెనీని తానే పొరుగింటికి పరిచయం చేసినట్లయింది. మెర్సిడెస్ తన వాటా వదులుకొని బ్రాక్లీకి మారింది. మెక్‌లారెన్ ఆ తరువాత ఇంజను కొనుక్కొనే మామూలు ఖాతాదారుగా మిగిలి, ఆ స్థితి నచ్చక, 2015లో తిరిగివచ్చిన హోండాతో జతకట్టి, ఆ యేడు తొమ్మిదవ స్థానానికి దిగజారింది. 2017లో మళ్ళీ తొమ్మిది. ఆ జట్టు 1998 తరువాత మళ్ళీ జట్ల ఛాంపియన్ అయినది 2024లో. అదీ కొనుక్కొన్న మెర్సిడెస్ ఇంజనుతోనే.

మెక్‌లారెన్‌కు హోండా చేత దెబ్బ తినడం కొత్త కాదు. 1988లో పదహారు పందేలలో పదిహేను గెలిచిన మెక్‌లారెన్-హోండా జంట 1991 దాకా వరుసగా నాలుగేళ్ళు ఛాంపియన్. 1992 సెప్టెంబరులో మోంజాలో హోండా సెలవు పుచ్చుకొన్నది. మరుసటి యేడు మెక్‌లారెన్ ఫోర్డు ఇంజను కొనుక్కొని వచ్చింది. ఫోర్డు సొంత బిడ్డ బెనెటన్ కనుక మేలిరకం ఇంజన్లు మొదట దానికే. ఆ బలహీనమైన ఇంజనుతోనే అయిర్టన్ సెన్నా అయిదు పందేలు గెలిచాడు. వానలో తడిసిన డోనింగ్టన్ పందెం అందులో ఒకటి. మనిషి ప్రతిభ ఒక యేడు కప్పిపుచ్చింది. సెన్నా విలియమ్స్‌కు వెళ్ళిపోగానే కప్పు లేచిపోయింది. 1993 నవంబరు తరువాత మెక్‌లారెన్ మళ్ళీ గెలిచినది 1997 మార్చిలో.

విలియమ్స్ కథ ఇంతకంటె విచారకరం, పైగా ఇంతకంటె నిశ్శబ్దం. రెనో ఇంజన్లతో 1992 నుండి 1997 వరకు ఆరేళ్ళలో అయిదు జట్ల ఛాంపియన్‌షిప్పులు గెలిచారు. 1997 చివర వెళ్ళిపోతామని రెనో 1996 జూన్‌లోనే చెప్పింది. చాలా మర్యాదగా, ఏడాదిన్నర ముందు. 1998లో అదే ఇంజను మెకాక్రోమ్ పేరుతో డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. పేరు మారింది, దాని వెనుక కంపెనీ పరిశోధన లేదు. ఏరోడైనమిక్స్ దిట్ట ఏడ్రియన్ న్యూవీ కూడా అప్పటికే మెక్‌లారెన్ చేరాడు. 1998లో గానీ 1999లో గానీ ఒక్క పందెమూ రాలేదు. తరువాత బీఎండబ్ల్యూతో కొన్నేళ్ళు వెలిగినా, 1997 నాటిదే విలియమ్స్‌కు చివరి ఛాంపియన్‌షిప్పు. ముందుగా చెప్పి వెళ్ళడం వలన పోయేవాడి పేరు నిలుస్తుంది గాని, ఉన్నవాడి కడుపు నిండదు.

బ్రాక్లీకీ వీటికీ తేడా ఎక్కడున్నదో ఇప్పుడు తేటపడుతుంది. ఇంజను ఇచ్చేవాడు వెళ్ళిపోయినప్పుడు వాడి విద్య వాడితోనే వెళ్ళిపోతుంది. జట్టు చేతిలో మిగిలేది నిన్నటి కారు. యజమాని వెళ్ళిపోయినప్పుడు, చిత్రంగా, వాడు డబ్బు పోసి చేయించినదంతా కర్మాగారంలోనే మిగిలిపోతుంది. 1955లోనూ ఇలాగే జరిగింది. అప్పులలో కూరుకొన్న లాంచియా కంపెనీ, తన చోదకుడు ఆల్బెర్టో అస్కారీ మేలో మరణించాక పందేల నుండి తప్పుకొని, తన డి50 కార్లను సామగ్రితో సహా ఫెరారీకి అప్పగించింది. అప్పటికి ఫెరారీకి పోటీపడగల కారు లేదు. 1956లో ఫాంజియో ఛాంపియన్ అయినది ఆ లాంచియా వారసత్వం మీదనే. అది ఫెరారీ విజయంగా చరిత్రకెక్కింది.

ఇలా మిగిలినది ఎవరికైనా అందాలి కదా. 2009లోనే ఇంకో రెండు కంపెనీలు వెళ్ళిపోయాయి. జూలై 29న బీఎండబ్ల్యూ ప్రకటించింది. కొన్ని నెలల అయోమయం తరువాత పాత యజమాని పీటర్ సౌబర్ తన స్విట్జర్లాండు జట్టును తానే తిరిగి తీసుకొన్నాడు. ఆ జట్టు బ్రతికింది, అక్కడక్కడ మెరిసింది. నవంబరు 4న టొయోటా ప్రకటించింది. ఎనిమిదేళ్ళు అపారంగా ఖర్చుపెట్టి ఒక్క పందెమూ గెలవని జట్టది. కొలోన్‌లో దాని 2010 కారు, టీఎఫ్110, దాదాపు సిద్ధంగా ఉన్నది. సెర్బియాకు చెందిన స్టెఫాన్ జీపీ ఆ కారును తీసుకొని బరిలో దిగాలని చూసింది. ప్రవేశం దొరకలేదు. బ్రాక్లీలో ఉన్నట్లే అక్కడా మంచి ఇంజనీర్లుండేవారు, అక్కడా డబుల్ డిఫ్యూజర్ కనిపెట్టారు. టొయోటా తన జట్టును ఎవరికీ అప్పగించకుండా మూసివేసింది. ఆ కారు ఒక్క పందెంలోనూ పరుగెత్తలేదు. అది ఎంత వేగంగా పోయేదో వాదించుకొనే అభిమానులు మాత్రం మిగిలారు.

హోండా ఈ అనుభవం నుండి నేర్చుకొన్నదా అంటే, సగం నేర్చుకొన్నది. 2020 అక్టోబరు 2న, మరుసటి యేటి చివర మళ్ళీ వెళ్ళిపోతామని ప్రకటించింది. ఈసారి రెడ్ బుల్ జట్టుకు పదిహేను నెలలు గడువిచ్చింది. రెడ్ బుల్ ఆ గడువులో సొంత ఇంజను విభాగాన్ని నెలకొల్పుకొన్నది. ఈసారి కోతకు ముందే పొలం వదలకూడదని హోండా ఇంజనీర్లు పట్టుబట్టినట్లుగా, రాబోయే సంవత్సరాలకని అట్టిపెట్టుకొన్న కొత్త ఇంజనును ముందుకు జరిపి 2021లోనే దింపారు. 2021 డిసెంబరు 12న అబూదాబీ చివరి చుట్టులో మాక్స్ వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయ్యాడు. హోండా వెళ్ళిపోవడానికి అప్పటికి పంతొమ్మిది రోజులు మిగిలాయి.

వెళ్ళిపోయిందా? 2022లో ఇంజను అధికారిక నామంలో హోండా లేదు. ఇంజన్లు మాత్రం జపానులోని హోండా కర్మాగారంలోనే తయారవుతూ వచ్చాయి. 2023లో ఆ పేరు తిరిగి చేరింది. ఆ యేడు ఇరవై రెండు పందేలలో రెడ్ బుల్ ఇరవై ఒకటి గెలిచింది. అదే యేడు మే నెలలో, 2026 నుండి ఆస్టన్ మార్టిన్ జట్టుకు ఇంజన్లు ఇస్తామని హోండా ప్రకటించింది.